పప్పుగింజలతో ఒక పాఠం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



ఈ వేళకి మీలో చాలామందికి వంట ఒక కొలిక్కి వచ్చి ఉంటుంది. పప్పు దించి, పోపు పెట్టి, రేడియో దగ్గర కాస్త కూర్చుని ఉంటారు. ఆ పప్పుగిన్నెతోనే నా మాటలు మొదలుపెడతాను. "పప్పు తినమ్మా, బలం వస్తుంది" అని పిల్లలకు చెప్పని తల్లి మనలో ఉండదు. పప్పులో ప్రొటీన్లు, అంటే మాంసకృత్తులు, ఉంటాయని మనకు తెలుసు. మరి ఆ ప్రొటీన్ ఒంట్లోకి వెళ్ళి ఏమవుతుంది? అలాగే వెళ్ళి కండకు అతుక్కుంటుందా?

నేను విజయనగరంలో ఆడపిల్లల జూనియర్ కాలేజీలో చాలా ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. ఇంటర్‌లో ప్రొటీన్ల తయారీ అని ఒక పాఠం ఉంది. ఒక ఏడాది మా క్లాసులో అందరికంటే బాగా చదివే అమ్మాయి ఆ ప్రశ్నకు రెండు పేజీల జవాబు రాసింది. ఒక్క తప్పు లేదు. బొమ్మ కూడా చక్కగా వేసింది. కాగితం తిరిగి ఇస్తూ ఊరికే అడిగాను: "ఇదంతా ఎక్కడ జరుగుతుందమ్మా?" అని. "కణంలో మేడం" అంది. "ఏ కణంలో?" అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "పుస్తకంలో ఉన్న కణంలో మేడం" అంది.

తోటి పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తన చేతిలో, తన జుట్టు కుదుళ్ళలో, ఆ క్షణాన తన కళ్ళలో ఆ పని జరుగుతోందని ఆ పిల్లకు తెలియదు. తప్పు పిల్లది కాదు, చెప్పిన నాది. ఆ తప్పు ఎలా దిద్దుకున్నానో, అందులో మీ వంటింటి పప్పుడబ్బాలు నాకెలా సాయపడ్డాయో చెబుదామని ఈ రోజు మీ ముందుకు వచ్చాను.

ముందు ఆ పాఠమేమిటో నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ప్రొటీన్ అంటే ఒక పూసల దండ అనుకోండి. మనం తిన్న పప్పులోని దండ కడుపులో తెగి, పూసలు విడిపోతాయి. ఆ పూసలనే అమైనో ఆమ్లాలు అంటారు. అవి ఇరవై రకాలు. విడిపోయిన పూసలు రక్తంలో కలిసి ఒంట్లోని కణాలన్నిటికీ చేరతాయి. అక్కడ మన ఒంటికి కావలసిన వరసలో కొత్త దండలు గుచ్చుకుంటాయి. జుట్టుకు ఒక దండ, కండకు ఒక దండ, అన్నం అరగడానికి ఇంకో దండ. కందిపప్పు దండ కందిపప్పుగానే ఒంట్లో మిగలదన్నమాట. ఈ ఇరవైలో తొమ్మిది రకాలు మన ఒళ్ళు తయారుచేసుకోలేదు, తిండి ద్వారానే రావాలి. బియ్యంలో లైసిన్ అనే పూస తక్కువ, పప్పులో అది దండిగా ఉంటుంది. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యం ఆ లోటు తీరుస్తుంది. పప్పూ అన్నమూ కలిపి తినమన్న మన పెద్దవాళ్ళకి ఈ పేర్లు తెలియవు గానీ, సంగతి తెలుసు!

మరి ఏ పూస తరువాత ఏ పూస గుచ్చాలో కణానికి ఎవరు చెబుతారు? అమ్మమ్మ ఆవకాయ కొలతలు రాసి ఉంచిన పుస్తకం ఉందనుకోండి. ఆ పుస్తకాన్ని మనం నూనెచేతులతో వంటింట్లోకి తీసుకుపోము. బీరువాలోనే ఉంచి, కావలసిన కొలతలు ఒక చీటీ మీద రాసుకుని వెళతాం. కణంలోనూ అంతే. కేంద్రకమనే బీరువాలో డి.ఎన్.ఏ. అనే అసలు పుస్తకం ఉంటుంది. దానికి నకలు చీటీ ఆర్.ఎన్.ఏ. ఇలా చీటీ రాసుకోవడాన్ని అనులేఖనం అంటారు. చీటీ బయటికి వచ్చాక రైబోసోమ్ అనే యంత్రం దాన్ని చదువుతూ, ఒక్కొక్క పూసా గుచ్చుకుంటూ పోతుంది. చీటీలోని అక్షరాల భాషను పూసల భాషలోకి మార్చడమే కనుక ఈ రెండో పనికి అనువాదం అని పేరు. ఈ రైబోసోమ్ లోపలి నిర్మాణాన్ని అణువు అణువుగా చూపినందుకు చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారు 2009లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఇదంతా నేను క్లాసులోనూ ఇలాగే, ఆవకాయతో సహా చెప్పేదాన్ని. పిల్లలు తలలూపేవారు. "భలే చెప్పీసినారు మేడం" అనేవారు. పరీక్షల్లో రాసేవారు. వేసవి సెలవులు గడిచేసరికి ఆవకాయ గుర్తుండేది గానీ ఆర్.ఎన్.ఏ. గుర్తుండేది కాదు. నేను చక్కగా చెప్పడం వేరు, పిల్లలు నేర్చుకోవడం వేరు అని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

అప్పుడు ఒక పద్ధతి గురించి చదివాను. టీచరు పాఠం చెప్పరు. నలుగురేసి పిల్లల్ని ఒక జట్టుగా కూర్చోబెట్టి, వాళ్ళ ముందు కొంత సామగ్రి, ఒక ప్రశ్నల కాగితం పెడతారు. ప్రశ్నలు మెట్లలాగ ఉంటాయి. మొదటిది కంటితో చూసి చెప్పేది, రెండోది కాస్త ఆలోచించి చెప్పేది, మూడోది నలుగురూ వాదించుకుంటే గాని తేలనిది. అమెరికాలో రసాయనశాస్త్రం చెప్పే అధ్యాపకులు 1990లలో దీన్నొక పద్ధతిగా దిద్దారు. అలాగని ఇది మన దేశానికి బొత్తిగా కొత్త కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లా పల్లెటూరి బడుల్లో 1972లోనే పిల్లలు పుస్తకంలో జవాబు చదవకుండా ప్రయోగం చేసి తేల్చుకునే విజ్ఞానశాస్త్ర బోధన మొదలైంది. పదహారు బడులతో మొదలై, వందల బడులకు పాకి, 2002 దాకా సాగింది. కలిసి వెతుక్కునే చదువు అని నేను దీనికి నా సొంత పేరు పెట్టుకున్నాను.

సామగ్రికి డబ్బెక్కడిది? మా ఇంటి పప్పుడబ్బాలే దిక్కయ్యాయి. డి.ఎన్.ఏ. పుస్తకంలో ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఎ అంటే పెసరగింజ, టి అంటే పొట్టుతో ఉన్న నల్ల మినుము, జి అంటే సెనగ, సి అంటే కందిపప్పు. నకలు చీటీలో టి ఉండదు, దాని బదులు యు ఉంటుంది. టి మీద ఒక చిన్న రసాయన గుంపు ఎక్కువ ఉంటుంది, అది తీసేస్తే యు. అందుకని యుకి పొట్టు తీసిన మినపపప్పు పెట్టాను. ఇంతకంటే మంచి పోలిక నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పూసలేమో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చిన దుకాణాల్లో కొన్నాను, రంగుకొక చిన్న పొట్లం.

ఒక్కొక్క జట్టుకూ పళ్ళెంలో గింజలు పోసి ఇచ్చేసరికి ఒక పిల్ల, "ఇదేటి మేడం, ఈ వేళ వంటా?" అంది. క్లాసంతా గొల్లుమంది. నలుగురికీ నాలుగు పనులు అప్పగించాను. ఒకరు జట్టును నడిపించాలి, ఒకరు రాయాలి, ఒకరు లేచి అందరికీ చెప్పాలి, ఒకరు "అందరం ఒప్పుకున్నామా, ఎవరైనా మాట్లాడకుండా ఉండిపోయారా" అని కనిపెట్టి చూడాలి. వారం వారం పనులు మారతాయి.

మొదటి మెట్టు సులువు. పుస్తకంలోని గింజల వరస ఒకటి, దానికి నకలు చీటీ ఒకటి పక్కపక్కన పెట్టి, "ఏ గింజకి ఎదురుగా ఏ గింజ వచ్చింది?" అని అడిగాను. సెనగకు కందిపప్పు, కందిపప్పుకు సెనగ, మినుముకు పెసర, పెసరకు మినపపప్పు అని అయిదు నిమిషాల్లో పట్టేశారు. నేను నియమం చెప్పలేదు, వాళ్ళే చెప్పారు.

రెండో మెట్టు దగ్గర అసలు గొడవ మొదలైంది. "మీ దగ్గర నాలుగు రకాల గింజలున్నాయి. ఇరవై రకాల పూసలకి పేర్లు పెట్టాలి. ఒక్కో పేరుకి ఎన్ని గింజలు కావాలి?" అన్నది ప్రశ్న. ఒక జట్టు, "ఒక్క గింజ ఒక్క పూసకి" అంది. "అయితే నాలుగు పూసలకే పేర్లొస్తాయి గదా, మిగతా పదహారు ఏటవుతాయి?" అని ఇంకో పిల్ల అడ్డొచ్చింది. రెండేసి గింజలు పేర్చి చూశారు. పెసర పెసర, పెసర మినప, పెసర సెనగ... అలా పేర్చుకుంటూ పోతే పదహారు జతలు తేలాయి. ఇంకా నాలుగు పూసలు అనాథలుగానే మిగిలాయి. అప్పుడు మూడేసి పేర్చడం మొదలుపెట్టారు. సగంలోనే ఒక పిల్ల పేర్చడం ఆపి, "నాలుగు నాలుగులు పదహారు, పదహారు నాలుగులు అరవై నాలుగు. ఇరవైకి అరవై నాలుగు పేర్లేల? మరీ ఎక్కువైపోనాయి" అంది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నా నాలుక దురద పెట్టింది. జవాబు చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆ పిల్లే చెయ్యెత్తి, "ఉండండి మేడం, చెప్పొద్దు" అంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ విద్యార్థినీ నన్ను పాఠం చెప్పవద్దనలేదు! నోరు మూసుకున్నాను. పది నిమిషాలకి వాళ్ళే తేల్చారు: "ఒక మనిషికి ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉంటాది గదా మేడం. అలాగే ఒక పూసకి రెండు మూడు పేర్లు ఉండొచ్చు." అది అక్షరాలా నిజం. అరవై నాలుగింటిలో అరవై ఒకటి పూసల పేర్లు, మిగిలిన మూడూ "ఇక్కడితో దండ ఆపు" అని చెప్పే గుర్తులు.

1954లో జార్జ్ గామోవ్ అనే భౌతికశాస్త్రవేత్త సరిగ్గా ఇలాగే లెక్క కట్టి, పేరుకి మూడక్షరాలు ఉండి తీరాలన్నారు. 1961లో నీరెన్‌బర్గ్, మాథై అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అన్నీ యులే ఉన్న చీటీ ఒకటి తయారుచేసి పరీక్షనాళికలో వేస్తే, ఫీనైల్ అలనైన్ అనే ఒకే పూసతో దండ తయారైంది. అలా మొదటి పేరు తెలిసింది. మిగతా పేర్లు తేల్చడంలో పెద్ద చెయ్యి మన హరగోవింద్ ఖొరానా గారిది. అవిభక్త పంజాబ్‌లో, ముల్తాన్ దగ్గర ఒక పల్లెటూళ్ళో, చెట్టు కింద బడిలో అక్షరాలు దిద్దుకున్న మనిషి ఆయన. నీరెన్‌బర్గ్, హోలీ గార్లతో కలిసి 1968లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ కథ నేను పిల్లలకు ముందే చెప్పి ఉంటే ఇదీ ఒక పేరా అయి ఊరుకునేది. వాళ్ళు తేల్చుకున్నాక చెప్పాను కనుక, "అయితే మనం ఆలోచించింది సరైనదే" అని మొహాలు వెలిగిపోయాయి.

అంతా సవ్యంగా జరిగిందనుకునేరు! మొదటి వారం బాగా చదివే పిల్లలే అంతా చేసేసి మిగతావాళ్ళు గింజలతో గవ్వలాట ఆడుకున్నారు. ఒక జట్టులో ఇద్దరు పోట్లాడుకుని మాటలు మానేశారు. క్లాసులో గోల వినలేక పక్క గది వాళ్ళు తలుపు వేసుకున్నారు. గంటలో అయిపోయే పాఠానికి నాలుగు గంటలు పట్టింది. "పోర్షన్ ఎప్పుడవుతుంది, ప్రవేశ పరీక్షల సంగతేమిటి?" అని తల్లిదండ్రులు అడిగారు. వాళ్ళ భయం న్యాయమైనదే. అన్ని పాఠాలూ ఇలా చెప్పడం కుదరదు, అవసరమూ లేదు. కానీ దేని మీద మిగతా పాఠాలు నిలబడతాయో అలాంటి పాఠాన్ని మాత్రం పిల్లలే తవ్వుకోవాలి. అలా తవ్వుకున్నదాన్ని మళ్ళీ బట్టీ పెట్టనక్కరలేదు, అక్కడ మిగిలిన వేళ తిరిగి వస్తుంది.

ఇక మూడో మెట్టు. ఈ ప్రసంగానికి నన్ను కూర్చోబెట్టింది అదే.

ప్రతి జట్టుకూ రెండు నకలు చీటీలిచ్చాను. ఒక్కోదాంట్లో ఇరవై ఏడు గింజలు, అంటే తొమ్మిది పేర్లు. అవి మన రక్తానికి ఎరుపునిచ్చే హీమోగ్లోబిన్‌లో బీటా అనే దండకు మొదటి భాగం. "రెండు చీటీలూ చదివి, రెండు దండలు గుచ్చండి. తేడా ఏమిటో చెప్పండి" అన్నాను. దండ మొదట్లో గుచ్చిన మెథియోనిన్ పూసను కణం తరువాత తీసేస్తుంది. అది వదిలి లెక్కపెడితే ఆరో పూస దగ్గర తేడా దొరికింది. మొదటి చీటీలో సెనగ, పెసర, సెనగ ఉన్నచోట రెండో చీటీలో సెనగ, మినప, సెనగ ఉంది. ఒక్క గింజ. దానితో గ్లుటామిక్ ఆమ్లం రావలసినచోట వాలీన్ అనే పూస వచ్చింది. నూట నలభై ఆరు పూసల దండలో ఒకే ఒక్క పూస.

"ఒక్క పూస మారితే ఏమవుతుంది?" అన్నది తరువాతి ప్రశ్న. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిపోయే పూస, వాలీన్ నూనెలాగ నీటికి దూరంగా జరిగే పూస అని కాగితంలో రాసి ఉంచాను. "అయితే నూనెబొట్లు నీళ్ళలో ఒకదానికొకటి అంటుకున్నట్టు ఇవీ అంటుకుంటాయా?" అని ఒక జట్టు అడిగింది. అంటుకుంటాయి. ప్రాణవాయువు విడిచిపెట్టిన వేళ ఆ హీమోగ్లోబిన్‌లు ఒకదానికొకటి పట్టుకుని పొడుగాటి పుల్లలవుతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్రకణం కొడవలిలాగ వంగిపోతుంది. సన్నని నరాల్లో ఇరుక్కుని రక్తాన్ని ఆపేస్తుంది. భరించలేని నొప్పులు వస్తాయి. మామూలు ఎర్రకణం నూట ఇరవై రోజులు బతికితే ఇది పది ఇరవై రోజులకే చితికిపోతుంది. ఒంట్లో రక్తం నిలవదు. ఇదే సికిల్ సెల్ జబ్బు. ఇది అణువులోని తేడా వల్ల వచ్చే జబ్బని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. ఆ తేడా ఒక్క పూసలోనే ఉందని 1957 నాటికి వెర్నన్ ఇంగ్రామ్ తేల్చారు.

క్లాసు నిశ్శబ్దమైపోయింది. అప్పుడు వెనక వరసలోంచి ఒక పిల్ల లేచింది. సీతంపేట వైపు కొండల్లోంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే సవర పిల్ల. ఆ ఏడాదంతా తనంతట తాను నోరు విప్పింది లేదు. ఆ వారం జట్టు తరఫున మాట్లాడే వంతు తనది. జట్టు జవాబు చెప్పలేదు. చేతిలో మినపగింజ పట్టుకుని, "ఇది మా తమ్ముడిది మేడం" అంది.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ చలికాలం వస్తే కీళ్ళనొప్పులట. ఆసుపత్రిలో పరీక్ష చేసి కార్డు ఇచ్చారట. అందులో ఈ జబ్బు పేరే ఉంది. కానీ ఇంట్లో అర్థమైంది "రక్తం లేదు" అన్న ఒక్క మాటే. రక్తం లేదంటే తిండి లేదనే కదా! తల్లి సరిగా పెట్టలేదని, పప్పు వండదని, కడుపుతో ఉన్నప్పుడు పథ్యం పాటించలేదని ఇంటా బయటా అందరూ ఆ తల్లినే అన్నారు. ఆమె కూడా నమ్మింది. తాను పస్తుండి కొడుక్కి పెట్టేదట. "మా అమ్మ పప్పు పెట్టక కాదు గదా మేడం? పూసలున్నాయి, చీటీలోనే ఒక గింజ తేడా. అంతే గదా?" అని అడిగింది.

అంతే తల్లీ, అన్నాను. అంతకంటే చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

ఆ రోజు గంట కొట్టాక కూడా ఎవరూ లేవలేదు. ప్రశ్నల కాగితంలో లేని ప్రశ్నలు వాళ్ళే వేసుకున్నారు. ఈ గింజ ఎక్కడినుంచి వచ్చింది? ప్రతి మనిషికీ ఈ పుస్తకం రెండు ప్రతులు ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒక ప్రతిలోనే తేడా ఉంటే మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు, కాని ఆ ప్రతిని పిల్లలకు ఇవ్వగలడు. రెండు ప్రతుల్లోనూ అదే తేడా ఉంటే ఈ జబ్బు. పిల్లలు గింజలు జతలు చేసి చూశారు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఒక్కొక్క తేడా ప్రతి మోస్తున్నవాళ్ళయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, మోసేవాడయ్యే అవకాశం సగం, ఏ తేడా లేకుండా ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. "అయితే నాన్న వైపు నుంచి కూడా రావాలన్నమాట!" అని ఒక పిల్ల గట్టిగా అంది. సోదరీమణులారా, ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కోడళ్ళ కన్నీళ్ళు తుడవగలదో మీకు నేను వేరే చెప్పాలా?

మరో ప్రశ్న, "ఇంత చెడ్డ గింజ ఇన్నాళ్ళు ఎలా నిలిచింది?" అని. దానికీ జవాబుంది. ఒక ప్రతిలో మాత్రమే ఈ తేడా ఉన్నవాళ్ళకి ప్రాణం తీసే రకం మలేరియా నుంచి చాలావరకు రక్షణ ఉంటుందని 1954లో ఆంథోనీ ఆలిసన్ అనే వైద్యుడు ఆఫ్రికాలో చూపారు. మన కొండప్రాంతాల్లో మన్యం జ్వరాలు ఎంతమందిని పొట్టన పెట్టుకున్నాయో మనకు తెలుసు. ఆ జ్వరాలున్న చోట్ల తరతరాలుగా ఈ గింజ ప్రాణాలు కాపాడుతూనే, కొందరి ప్రాణాలు తీస్తూ వచ్చింది. ఇది ఎవరి పాపమూ కాదు, శాపమూ కాదు. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి కొండల్లో గుర్తించారు. మన పార్వతీపురం, సీతంపేట కొండల్లోనూ ఇది ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న దీని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. నలభై ఏళ్ళ లోపు వయసున్న ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మిగలకుండా చేయాలని లక్ష్యం. పెళ్ళికి ముందే ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. జబ్బు ఉన్న పిల్లలకి నీళ్ళు బాగా తాగించాలి, చలికి కాపాడాలి, జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. డాక్టరు చెబితే హైడ్రాక్సీయూరియా మందు వాడాలి. ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే.

ఆ పిల్ల సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళుతూ ఒక పొట్లంలో నాలుగు రకాల గింజలూ, కొన్ని పూసలూ అడిగి పట్టుకెళ్ళింది. తిరిగి వచ్చాక చెప్పింది. అరుగు మీద తల్లినీ తండ్రినీ నాయనమ్మనీ కూర్చోబెట్టి, గింజలు పేర్చి, సవర భాషలో అంతా చెప్పిందట. చెప్పలేదు, అడిగిందట: "ఈ రెండు వరసల్లో తేడా ఎక్కడుంది, చూడండి" అని. నాయనమ్మ చూపు ఆననిది, వేలితో తడిమి ఆ గింజ పట్టుకుందట. పట్టుకున్నాక చాలాసేపు మాట్లాడలేదట. ఆ రాత్రి కోడలికి తన చేత్తో అన్నం పెట్టిందట.

ఇది విన్నప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తుకొచ్చారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాశారు, బడులు పెట్టారు. పిల్ల మాట్లాడే మాటలో లేని చదువు పిల్లది కాదని ఆయన నమ్మకం. మా క్లాసులోనూ జరిగింది అదే. నేను చెప్పినంతకాలం ఆ పాఠం నా భాషలో ఉంది. వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నప్పుడు అది "ఏటి, ఎలాగ, ఎందుకలాగ" అనే వాళ్ళ మాటల్లోకి దిగింది. ఆ పిల్ల ఇంటికి వెళ్ళాక సవరలోకి దిగింది. అనువాదమని పాఠంలో చదువుకున్నదానికి అసలు అర్థం ఆ అరుగు మీద తెలిసింది.

మీరు టీచర్లు కాకపోవచ్చు. జీవశాస్త్రం చదివి ఉండకపోవచ్చు. అయినా ఈ పద్ధతి మీ ఇంట్లో నడుస్తుంది, ఒక విధంగా మాకంటే మీకే తేలిక. మాకు జవాబు తెలుసు కనుక నోరు ఆగదు. మీకు తెలియకపోతే నిజంగానే అడుగుతారు. ఆదివారం నాడు మీ పిల్లనీ, పక్కింటి పిల్లల్నీ కలిపి ముగ్గురు నలుగుర్ని వరండాలో కూర్చోబెట్టండి. పాఠం పుస్తకం మధ్యలో పెట్టి, "ఇందులో నాకు అర్థమయ్యేలా ఒక్క సంగతి చెప్పండి, నలుగురూ ఒప్పుకున్నదే చెప్పాలి" అనండి. మాట్లాడని పిల్లకు మాట్లాడే వంతు ఇవ్వండి. గడగడా చెప్పే పిల్లకు రాసే పని ఇవ్వండి. తప్పు చెబితే వెంటనే దిద్దకండి, "అలాగైతే ఇది ఎలా కుదురుతుంది?" అని ఇంకో ప్రశ్న వేయండి. కావలసిన గింజలు మీ డబ్బాల్లోనే ఉన్నాయి. పని అయ్యాక కడిగి పప్పు వండుకోవచ్చు కూడా!

ఇక ఆ మొదటి అమ్మాయి, "పుస్తకంలో ఉన్న కణంలో" అన్న పిల్ల సంగతి అడుగుతారేమో. గింజల పాఠం నాటికి ఆమె మా కాలేజీ దాటిపోయింది. తనకు ఆ పాఠం నేను మళ్ళీ చెప్పలేకపోయాను. ఈ మాటలు ఆమె ఏ వంటింట్లోనైనా వింటూ ఉంటే, అమ్మా, అది పుస్తకంలోని కణం కాదు. పప్పు కలుపుతున్న నీ చేతిలో, ఆ పప్పు తింటున్న నీ బిడ్డ ఒంట్లో, ఈ క్షణాన ఆ దండలు గుచ్చుకుంటూనే ఉన్నాయి.